ఎడమవైపు బురుజులు

కరోనా రావడానికి ముందు సంవత్సరం, ఎండాకాలం. అప్పుడు నేను దర్శిలో ఉండేదాన్ని. గుంటూరులో ఫిజియోథెరపీ చదివి, ఒకటి రెండు ఆసుపత్రుల్లో పనిచేసి, మా ఆయన ఉద్యోగం దర్శిలో కావడంతో అక్కడే ఒక గది అద్దెకు తీసుకుని ప్రాక్టీసు పెట్టాను. గదిలో కన్నా స్కూటీ మీదే ఎక్కువ ఉండేదాన్ని. పక్షవాతం వచ్చినవాళ్ళు నా దగ్గరికి నడిచి రాలేరు కదా. మిరపకాయలు ఆరబోసిన కళ్ళాల పక్కనుంచి, పత్తి లారీల వెనకనుంచి ఇంటింటికీ తిరిగేదాన్ని. ఫిజియో అంటే కాళ్ళు పిసికే మనిషి అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట మొహం మీదే అంటే నేనూ మొహం మీదే జవాబు చెబుతాను. నాకు కోపం కొంచెం ఎక్కువ.

ఇప్పుడు గుంటూరులో పెద్ద ఆసుపత్రిలో ఏసీ గదిలో కూర్చుంటున్నాను. పేషెంట్లే నా దగ్గరికి వస్తున్నారు. హాయిగానే ఉంది. కానీ మా కొత్త పిల్లలెవరైనా "మేడమ్, మీకు బాగా గుర్తున్న కేసు ఏది?" అని అడిగితే మనసు దర్శికే పోతుంది, ఒక ఇంటి వాకిట్లోకి.

ఆ ఇల్లు సీతారామయ్య గారిది. ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా సాగర్ కుడి కాలువ మీద ఉద్యోగమంతా చేసి, రిటైరయ్యాక ఆ కాలువ నీళ్ళు తాగే ఊళ్ళోనే ఉంటానని దర్శిలో ఇల్లు కట్టుకున్నారు. మెదడుకి కుడివైపు స్ట్రోక్ వచ్చింది. కుడివైపు మెదడు దెబ్బతింటే ఒంట్లో ఎడమపక్క పడిపోతుంది. ఒంగోలు ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు స్వాధీనంలో లేవు. మాట మాత్రం చక్కగా ఉంది.

మొదటిరోజు వెళ్ళేసరికి ఆయన మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. నేను ఆయనకు కుడివైపు, కిటికీ దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏ ఊరమ్మాయివి, ఎవరి తాలూకు, పొదిలిలో ఫలానా వాళ్ళు మీకేమవుతారు, అన్నీ అడిగారు. అడిగి, కాస్త నొచ్చుకుంటూ అన్నారు.

"ఏమనుకోకమ్మా, ఎండన పడి వచ్చావు, కాఫీ కూడా ఇప్పించలేకపోతున్నాను. మా ఆవిడ ఇంట్లో లేదు."

మంచానికి ఎడమపక్క, ఆయన భుజానికి జానెడు దూరంలో, నా కోసం తెచ్చిన కాఫీ గ్లాసు పట్టుకుని ఆవిడ నిలబడి ఉన్నారు.

ఆవిడ పేరు రాజ్యలక్ష్మమ్మ గారు. నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళారు. గ్లాసు గట్టు మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయారు. 

"చూశావుగా అమ్మాయ్. ఆసుపత్రి నించి వచ్చిన కాడ్నించీ ఇదే వరస. నేను మనిషినే కానట్టు చూస్తారు. అసలు చూడనే చూడరు. పిలిస్తే కిటికీకి చెబుతారు జవాబు. అన్నం పెడితే సగం తిని సగం వదిలేస్తారు. కూతురు ఆదివారం వచ్చి ఆ కిటికీ కాడ కూర్చుంటే దానితో ఎన్ని కబుర్లో! నేనే పనికిరాలేదు."

"అలా ఎందుకనుకుంటున్నారండీ?"

"ఆ రోజు పొద్దున బీపీ బిళ్ళ వేసుకోలేదని నాలుగు మాటలన్నాను. గట్టిగానే అన్నాలే. మధ్యాహ్నానికి పడిపోయారు. ఆ మాటలు మనసులో పెట్టుకున్నారమ్మా. కాళ్ళూ చేతులూ తర్వాత సంగతి. ఆ మనసు మారే మందేమన్నా ఉందా నీ దగ్గర?"

నాకు విషయం అర్థమైంది. మా పుస్తకాల్లో దీన్ని నెగ్లెక్ట్ అంటారు. కళ్ళు బాగానే ఉంటాయి, ఎడమవైపున్న వస్తువు బొమ్మ కంట్లో పడుతూనే ఉంటుంది. కానీ మెదడు దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆ మనిషికి ఎడమవైపు అనేదే ఉండదు. అటునుంచి పిలిస్తే గొంతు కుడినుంచి వచ్చినట్టు కుడికే తిరుగుతాడు. పళ్ళెంలో ఎడమ సగం అలాగే ఉండిపోతుంది. తమాషా ఏమిటంటే, తనకి ఏదో కనపడటం లేదన్న సంగతి కూడా ఆ మనిషికి తెలియదు.

"మీరు ఎప్పుడూ ఆయనకి ఎడమపక్కనే ఉంటారా?" అని అడిగాను.

ఆవిడ నన్నో తెలివితక్కువ దాన్ని చూసినట్టు చూశారు. "మరెక్కడ ఉంటానమ్మా? పెళ్ళిపీటల మీద కూర్చున్న కాడ్నించీ నా చోటు అదే కదా. నోమైనా, వ్రతమైనా, బస్సులో సీటైనా సరే, నేను ఆయనకి కుడిపక్కన కూర్చున్నదే లేదు."

నేను నెగ్లెక్ట్ గురించి చెప్పాను. ఆయన చేత కాగితం మీద గడియారం గీయించి చూపించాను. అంకెలన్నీ కుడి సగంలోనే కుక్కేశారు, ఎడమ సగం ఖాళీ. ఆవిడ ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి నాకిచ్చేశారు. "గడియారంతో నాకేం పనమ్మా. ఆయన బుద్ధి నాకు తెలీదా" అన్నారు. డాక్టరు చెప్పినా, స్కాన్ చూపించినా, ఇంట్లోవాళ్ళు తమకు తోచిన కారణాన్నే నమ్ముతారు. కోపం అనేది అందరికీ తెలిసిన జబ్బు కదా.

మర్నాడు ఆయనతో, "సార్, గడియారం వద్దు. మీకు బాగా తెలిసింది ఏదైనా గీయండి. ఈ ఇల్లు గీయండి పోనీ" అన్నాను.

"ఇల్లేముందమ్మా, నాలుగు గదులు. ఊరు గీస్తా" అన్నారు ఉషారుగా.

గుమ్మంలోంచి రాజ్యలక్ష్మమ్మ గారు, "అయిపోయావు అమ్మాయ్ ఇవ్వాళ" అన్నారు. ఆ ఇంటికి వచ్చినవాళ్ళలో ఆ ఊరి కథ వినకుండా బయటపడినవాళ్ళు లేరట. పాలవాడితో సహా.

ఆ ఊరు హాలెండులో ఉంది. పేరు విల్లెమ్‌స్టాడ్. నేను ఆ రాత్రి ఫోన్‌లో వెతికితే ఎక్కడో కరీబియన్ దీవిలో రంగురంగుల మేడలున్న వేరే ఊరు వచ్చింది. ఆ ఊరి బొమ్మలు చూసి ఈయన గొప్పలు చెబుతున్నారేమో అని కూడా అనుకున్నాను. తర్వాత తెలిసింది, పేరు ఒకటే కానీ ఈయన చెప్పేది అసలు హాలెండులోనే ఉన్న చిన్న కోట ఊరని. కాలువ తలుపులు, లాకుల పని నేర్చుకు రమ్మని శాఖవాళ్ళు చిన్న వయసులో ఆయన్ని అక్కడికి పంపారు. ఆ ఊరి దగ్గరే సముద్రపు నీటికి అడ్డంగా పెద్ద పెద్ద లాకులు కట్టారట. పగలంతా లాకుల దగ్గర, సాయంత్రం కోట లోపల ఒక ముసలావిడ ఇంట్లో మేడమీద గదిలో. నేను ఆ ఊరు చూడలేదు కాబట్టి ఆయన చెప్పింది నాకు అర్థమైనంత మేరకు రాస్తున్నాను.

"చిన్న ఊరమ్మా. మన వాళ్ళు చూస్తే ఇదేం ఊరు, ఇది పేట కదా అంటారు. స్పెయిన్ రాజు మీద తిరగబడ్డ రోజుల్లో వాళ్ళ యువరాజు కట్టించాడు, ఆయన పేరే పెట్టారు. చుట్టూ వెడల్పాటి అగడ్త, నిండా నీళ్ళు. దాని లోపల మట్టి కట్ట. రాయి కాదు, మట్టి! గుండు వచ్చి తగిలితే రాయి పగిలిపోతుంది, మట్టి మింగేస్తుంది. మన కాలువ కట్ట లాగే గడ్డి మొలిచి ఉంటుంది, దాని మీద సాయంత్రాలు జనం షికారు తిరుగుతారు. ఒకసారి ఫ్రెంచి సైన్యం వచ్చి చుట్టుముట్టి కూర్చుంది. ఊరు లొంగలేదు."

కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి మాట్లాడుతూనే గీస్తున్నారు. కాగితం అడుగున రేవు. రేవులోంచి తిన్నగా పైకి పెద్ద వీధి, రెండువైపులా చెట్లు. ఆ వీధి చివర చర్చి.

"ఎనిమిది పలకల చర్చి. యువరాజు కొడుకు డబ్బిస్తూ షరతు పెట్టాడట, గుండ్రంగానో ఎనిమిది పలకలతోనో కడితేనే ఇస్తానని. దాని చుట్టూ మళ్ళీ దానికో బుల్లి అగడ్త. ఇక బురుజులు. ఏడు బురుజులు, ఏడు రాష్ట్రాల పేర్లు. ఏడూ కలిసి ఒక దేశమయ్యాయి కదా, అందుకని."

గీయడం అయిపోయింది. తృప్తిగా పెన్ను కింద పెట్టారు. నేను చూడకముందే గుమ్మంలోంచి ఆవిడ లోపలికి వచ్చి, నా భుజం మీదుగా వంగి కాగితం చూశారు.

"అదేంటి, మూడే గీశారు?"

కుడివైపు మూడు బురుజులు బాణం మొనల్లా చక్కగా ఉన్నాయి. చర్చి వెనకున్న బురుజు సగం గీసి ఆపేశారు. ఎడమవైపు ఏమీ లేదు. అగడ్త కూడా లేదు. తెల్ల కాగితం.

"ముసలావిడ ఇల్లేదీ?" ఆవిడ గొంతు మారిపోయింది. "రేవులోంచి వస్తుంటే ఎడంచేతి పక్కన, పచ్చ తలుపుల ఇల్లు అని చెప్పేవారు కదా. ఆయన మిరపకాయలు వేయించి పోపు పెడితే ఇల్లంతా ఘాటెక్కి ఆవిడ దగ్గి దగ్గి ఆ చలిలో కిటికీలన్నీ తీసేసిందట. మర్నాటికి ఆవిడే ఆవకాయ రొట్టె మీద రాసిమ్మని అడిగిందట. ఆ ఇల్లు లేకుండా ఈ ఊరి కథ ఒక్కసారి కూడా చెప్పలేదమ్మా ఈయన!"

ఆవిడ హాలెండు చూడలేదు. కానీ ఇన్నేళ్ళుగా వినీ వినీ ఆ ఊళ్ళో ఏ గుమ్మం ఎక్కడుందో ఆవిడకి తెలుసు. నాకు కాలేజీలో చదివిన ఒక సంగతి గుర్తొచ్చి ప్రయత్నించి చూద్దామనిపించింది.

"సార్, కాగితం పక్కన పెట్టండి. కళ్ళు మూసుకోండి. ఇప్పుడు మీరు చర్చి దగ్గర ఉన్నారు. వెనక్కి తిరిగి రేవు వైపు నడుస్తున్నారు. ఏమేం కనపడుతున్నాయో చెప్పండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. మొహంలో చిన్న నవ్వు వచ్చింది. "కుడిచేతి వైపు... ముసలావిడ ఇల్లు. పచ్చ తలుపులు. వర్షం పడితే గుమ్మంలో నా బూట్లకి పాత గుడ్డ వేసి ఉంచేది. ఆ ఇంటి వెనక కట్ట మీదికి మెట్లు. ఆ పైన బురుజు..." కాగితం మీద ఎడమవైపు వదిలేసిన మూడు బురుజులూ ఒక్కొక్కటే వాటి రాష్ట్రాల పేర్లతో చెప్పారు. ఈసారి కాగితం మీద గీసిన మూడింటి ఊసు లేదు. అటువైపున్న రొట్టెల కొట్టు, సైకిళ్ళ కొట్టు, అంతకుముందు గీసేటప్పుడు అంత ముచ్చటగా చెప్పినవి, అవీ లేవు.

రాజ్యలక్ష్మమ్మ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "అన్నీ ఉన్నాయి కదమ్మా లోపల! ఏదీ పోలేదు!"

"పోలేదండీ. ఆయన ఎటు తిరిగి ఉంటే ఆ ఎడమవైపు చూడటమే పోయింది."

"మరి నేనూ?"

"మీరూ అంతే. మీరు రేవు నుంచి వచ్చే వీధిలో ఎడమపక్క ఉన్నారు."

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చేశారు. ఇన్ని రోజులుగా దాచుకున్న ఏడుపు. ఆయనకి ఆ ఏడుపు వినపడింది. కిటికీ వైపు తిరిగి, "బయట ఎవరో ఏడుస్తున్నట్టున్నారు, చూడమ్మా" అన్నారు.

ఆవిడ మనసు కుదుటపడ్డాక అసలు కష్టం మొదలైంది. నెగ్లెక్ట్‌కి మేము చేసే వైద్యంలో ముఖ్యమైనది విజువల్ స్కానింగ్. అంటే తల ఎడమకి తిప్పి వెతకడం మళ్ళీ నేర్పడం. ఎడమకి తిప్పని మనిషి నడక వచ్చినా నడవలేడు. గుమ్మానికి కొట్టుకుంటాడు, మెట్టు మీద నుంచి పడతాడు. సీతారామయ్య గారు మళ్ళీ ఒంటరిగా గుమ్మం దాటాలంటే ఆ తల తిరగాలి. అందుకు మందులు, నీళ్ళు, మాట, పలకరింపు, ఆయనకి ఇష్టమైనది ఏదైనా సరే ఎడమవైపు నుంచే రావాలి. ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైంది ఏదో నాకు తెలుసు.

"కుడిపక్కకి వెళ్ళి కూర్చుంటే ఇప్పుడే కనపడతానా?" అని అడిగారు ఆవిడ.

"కనపడతారు."

"కానీ వెళ్ళొద్దంటావు."

"మీరు వెళితే ఆయనకి ఎడమకి తిరగాల్సిన అవసరం ఏముంటుందండీ?"

 ఆ రోజు నుంచి ఆవిడ మంచం ఎడమపక్క కుర్చీలోనే కూర్చున్నారు. కూర్చుని "ఏవండీ, ఇటు" అని పిలవడం, ఆయన కిటికీ వైపు తిరగడం. మోకాలి మీద తట్టడం, ఆయన "ఎవరూ?" అనడం. పనుల మీద అటూ ఇటూ తిరిగేటప్పుడు ఎప్పుడైనా కుడివైపుకి వస్తే ఆయన మొహం వెలిగేది. మాట అందుకునేలోపు ఆవిడ ఎడమకి వెళ్ళిపోయేవారు. "మా ఆవిడకి కాలు నిలవడం లేదమ్మా ఈ మధ్య, వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోతోంది" అని నాతో ఫిర్యాదు చేసేవారు ఆయన. వైద్యం చెప్పింది నేనే అయినా ఆ ఇంట్లోంచి వచ్చాక స్కూటీ మీద నాకు మనసు బాగుండేది కాదు.

ఒకరోజు వెళ్ళేసరికి ఆవిడ కిటికీ దగ్గర స్టూలు మీద ఉన్నారు. ఆయన కుడిచేతిలో ఆవిడ చెయ్యి. నన్ను చూసి ఆవిడ తప్పు చేసినట్టు లేవబోయారు. ఆయన వదల్లేదు.

"చూడమ్మా, ఇవ్వాళ దొరికింది. ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావే అంటే ఊరెళ్ళానంటోంది. నన్నిలా వదిలేసి ఊరెలా వెళ్ళావే రాజ్యం?"

"తప్పేనండీ. ఇంక వెళ్ళన్లెండి" అన్నారు ఆవిడ.

ఆయన చెయ్యి వదిలాక వరండాలోకి వచ్చి నాతో, "రాత్రంతా నిద్ర పట్టలేదమ్మా. తట్టుకోలేకపోయా. పక్కనే ఉన్నానని ఎలా చెప్పను? మీకే ఏదో అయిందని ఆయనకి చెప్పినట్టు కదా. అందుకే ఊరెళ్ళానన్నా" అన్నారు. నేను కోప్పడటం మానుకున్నాను. కాసేపటికి ఆవిడే లోపలికి వెళ్ళి, "పొయ్యి మీద పాలున్నాయండీ" అని ఆయనతో చెప్పి, మంచం చుట్టూ తిరిగి, ఎడమపక్క కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఆవిడ వెళ్ళిన వైపు కాకుండా కిటికీ వైపే చూస్తూ పాలు పొంగే వేళ కోసం ఎదురుచూశారు. 

తనకి ఏమీ కాలేదని నమ్మే మనిషికి వైద్యం చేయడం అసాధ్యం. ఆయన్ని ఎలా ఒప్పించాలా అని ఆలోచిస్తుంటే మళ్ళీ ఆ ఊరే నాకు సాయం వచ్చింది. బురుజులు మొనదేలి ఎందుకుంటాయి, మన కొండవీడులో గుండ్రంగా ఉంటాయి కదా అని అడిగాను.

"మంచి ప్రశ్న అడిగావు!" ఆయన నిటారుగా కూర్చున్నారు. "గుండ్రటి బురుజు పైన నిలబడి చూడు. దాని కాళ్ళ దగ్గర కొంచెం చోటు పైనున్న వాడికీ కనపడదు, పక్క బురుజు వాడికీ కనపడదు. దాన్ని డెడ్ యాంగిల్ అంటారు. శత్రువు అక్కడికి చేరాడా, కోట పోయినట్టే. అదే మొనదేలిన బురుజనుకో, దాని రెండు పక్కలూ అటూ ఇటూ ఉన్న బురుజులకి కనపడతాయి. ఈ బురుజుకి కనపడని చోటు పక్క బురుజు చూసుకుంటుంది."

"సార్, మీ ఎడమవైపు మీకు డెడ్ యాంగిల్ ఉంది."

ఆయన నవ్వబోయి ఆగారు. నేను ఆయన గీసిన బొమ్మ తెచ్చి, కాగితం మొత్తం ఆయనకి కుడివైపు వచ్చేలా పక్కకి జరిపి పట్టుకున్నాను. అప్పుడు ఎడమ సగం ఆయనకి కనపడింది. తెల్లగా. ఆయన చాలాసేపు దాన్నే చూశారు.

"మూడు బురుజులు కూలిపోయాయే" అన్నారు చివరికి, నెమ్మదిగా.

ఆ తర్వాత ఆయన నన్నెప్పుడూ మొండికేసి ఏడిపించలేదు.

కాలికి కాస్త బలం వచ్చాక నడక మొదలుపెట్టాలి. ఇంట్లో గోడలు తగులుతాయి, వాకిలి విశాలంగా ఉంది. ఆ వాకిట్లో ఆ ఊరిని ముగ్గు వేయమని నేనే అడిగాను. రాజ్యలక్ష్మమ్మ గారు ముగ్గు వేస్తే వీధి వీధంతా ఆగి చూసేది. తెల్లారి నేను వెళ్ళేసరికి ఏడు మొనల కోట, అగడ్త, చర్చి, దాని చుట్టూ బుల్లి అగడ్త, అన్నీ సిద్ధం. కుర్చీలో కూర్చున్న ఆయన, "రేవు మరీ చిన్నదైపోయిందే, పడవలెలా తిరుగుతాయి?" అని వంక పెట్టారు. కట్ట మీద నడుస్తున్నట్టు ముగ్గు గీత వెంట ఆయన్ని నడిపించాలని, ప్రతి బురుజు దగ్గరా గుప్పెడు ఎండు మిరపకాయలు పెట్టి వాటిని ఆయనే వెతికి పట్టుకోవాలని నా ఉద్దేశం. ఆ ఎరుపు ఇలాంటి పేషెంట్ల కంటిని లాగుతుంది.

"కోట మీకు ఎడమవైపు ఉండేలా ఇటు తిరుగుదాం సార్" అన్నాను.

ఆవిడ గభాలున అడ్డం వచ్చారు. "అప్రదక్షిణమా! అమ్మాయ్, అది శవం చుట్టూ తిరిగే తీరు. నా చేత్తో ముగ్గు వేసి, మా ఆయన్ని అలా తిప్పమంటావా?"

"ఇది గుడి కాదు కదండీ, ఊరు."

"ఏదైతేనేం, నే తిప్పనివ్వను."

నేను వాదించాను. మెదడుకి, సెంటిమెంటుకి ముడిపెడితే ఎలా అన్నాను. ఆవిడ కదల్లేదు. నా గొంతు లేస్తోంది, ఆవిడ గొంతూ లేస్తోంది. కుర్చీలోంచి ఆయన, "ఆపండర్రా" అన్నారు.

"నువ్వు చెప్పమ్మా. కట్ట మీద కాపలావాడు ఊళ్ళోకి చూస్తాడా, బయటికి చూస్తాడా?"

"బయటికే సార్."

"ప్రదక్షిణంగా నడిస్తే ఊరు ఎటుంటుంది?"

"కుడివైపు."

"మరి శత్రువు?"

చేతిని గాల్లో గుండ్రంగా తిప్పి చూసుకున్నాను. శత్రువు ఎడమవైపు ఉంటాడు. బురుజుల మొనలన్నీ ఎడమకే ఉంటాయి. మిరపకాయలు మొనల దగ్గర పెడితే చాలు. ఆవిడ పట్టుదలా నిలబడింది, నా వైద్యమూ నిలబడింది. ఎడమవైపు తనకి కనపడదని మొన్న మొన్నే ఒప్పుకున్న మనిషి అది చెప్పారు. నేను నిజంగా ఆయనకి దణ్ణం పెట్టాను.

రోజూ పొద్దున్నే ఆ కాపలా సాగేది. ఆయన నడుముకి గెయిట్ బెల్ట్ కట్టేదాన్ని, అంటే పడబోతే పట్టుకోవడానికి వీలుగా ఉండే వెడల్పాటి పటకా. కుడిచేతిలో కర్ర. నేను వెనక. ఆవిడ అగడ్తకి అవతల, కోట బయట, పీట వేసుకుని కూర్చునేవారు. "చివరికి నన్ను శత్రువుల్లో కలిపారు కదా మీరిద్దరూ" అనేవారు. మొదట్లో ఆయన ప్రతి బురుజూ దాటేసి వెళ్ళిపోయేవారు. "సార్, బురుజు పోయింది" అనేదాన్ని. ఆగి, తిట్టుకుని, గడ్డం ఎడమ భుజం మీదికి తెచ్చి వెతికేవారు. కొన్నాళ్ళకి ఒకటి దొరికింది. తర్వాత రెండు, మూడు. మిరపకాయల దాకా వచ్చి ఆ చూపు ఆగిపోయేది. ఆ పైన పీట మీద కూర్చున్న మనిషి దాకా వెళ్ళేది కాదు. ఆవిడ మాత్రం రోజూ ఆయన ఎటు తిరుగుతుంటే అటు పీట జరుపుకుంటూ కూర్చునేవారు.

ఆ రోజు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చర్చి వెనక బురుజు దగ్గర ఆయన ఆగారు. నేను గుర్తుచేయలేదు. తల తిప్పారు. మిరపకాయలు చూశారు, కర్రతో తట్టారు. నడుస్తారనుకున్నాను. నడవలేదు. గడ్డం ఇంకొంచెం, ఇంకొంచెం తిరిగింది. నా చేతిలో ఉన్న బెల్ట్ బిగిసింది.

"ఎప్పుడొచ్చావే ఊర్నించి?" అన్నారు. "ఎండలో కూర్చున్నావేంటి?"

 ఆవిడ పీట మీదనుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

"ఇందాకే వచ్చానండీ" అన్నారు.

"నీడలోకి పో."

"మీ కాపలా అయిపోనివ్వండి. వెళతాను."

నేను ఆయన వెనక ఉన్నాను కాబట్టి నేను ఏడుస్తున్నట్టు ఆయనకి తెలియలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పేషెంటు ముందు ఏడవకూడదని నేనే పదిమందికి పాఠం చెప్పాను. ఆ రోజు మాత్రం బెల్ట్ వదలకూడదని కళ్ళు కూడా తుడుచుకోలేదు.

ఆయన పూర్తిగా బాగుపడ్డారని చెబితే అబద్ధం అవుతుంది. నెగ్లెక్ట్ చాలావరకు తగ్గింది. కర్రతో ఒంటరిగా నడుస్తారు, మెట్లు దిగుతారు, పళ్ళెం ఖాళీ చేస్తారు. అలిసిపోయినప్పుడు మాత్రం ఎడమవైపు మళ్ళీ జారిపోతుంది, ఎవరో ఒకరు గుర్తుచేయాలి. ఈ కేసు తర్వాత నా పని తీరు ఒక విషయంలో మారింది. ఏ స్ట్రోక్ పేషెంటు ఇంటికి వెళ్ళినా కాలూ చెయ్యీ పట్టి చూడకముందు, ఈ మనిషి పక్కన రోజూ కూర్చునేది ఎవరు, ఏ పక్కన కూర్చుంటారు అని అడుగుతాను. పట్టించుకోవడం లేదని ఇంట్లోవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్న చోట సగం సార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. కొత్త పిల్లలకి కూడా అదే చెబుతున్నాను.

మొన్నామధ్య పొదిలి వెళుతూ దర్శిలో ఆగాను. ఇద్దరూ వరండాలో ఉన్నారు, ఆయన కుర్చీలో, ఆవిడ ఎడమపక్క పీట మీద. ఆయన నాకు మళ్ళీ ఆ ఊరి కథ చెప్పారు, ఏడు బురుజులూ చెప్పారు. నేను బయల్దేరుతుంటే ఆవిడ గేటు దాకా వచ్చారు. "ఇంకా ఎడమపక్కనే ఎందుకండీ? వైద్యం అయిపోయిందిగా. సాయంత్రాలు ఆయన అలిసిపోతారు, కుడిపక్క కూర్చుంటే మీకూ సుఖం కదా" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి వరండా వైపు చూశారు. ఆయన కుర్చీలోంచి మెడ సాచి ఎడమకి, ఇంకా ఎడమకి తిరుగుతూ ఖాళీ పీట దగ్గర వెతుకుతున్నారు.

"కుడిపక్కన కూర్చుంటే కనపడతానమ్మాయ్" అన్నారు. "ఎడమపక్కన కూర్చుంటే వెతుక్కుంటారు."